మానేసినవాళ్ళ జాబితా

రెండేళ్ళ క్రితం ఒక మంగళవారం మధ్యాహ్నం, భోంచేసి వచ్చి సీట్లో కూర్చున్నాక, కొన్ని వందల మంది మందు మానేశారని నేను తేల్చేశాను. వాళ్ళలో ఒక్కరితోనూ మాట్లాడలేదు. ఒక్కరి మొహమూ చూడలేదు. ప్రోగ్రాములో ఒక వాక్యం రాశానంతే: చేతిలో ఉన్న మాత్రలు అయిపోవలసిన రోజు దాటి తొంభై రోజులైనా మళ్ళీ తెచ్చుకోకపోతే, ఆ మనిషి మందు మానేసినట్టు. రన్ చేస్తే జాబితా వచ్చింది. తొంభైని అరవై చేసి చూశాను, జాబితా పెరిగింది. నూట ఎనభై చేశాను, తగ్గింది. మనుషులు మాత్రం ఎక్కడివాళ్ళక్కడే ఉన్నారు. నేను అంకె మార్చినప్పుడల్లా వాళ్ళలో కొందరు బాధ్యత గలవాళ్ళవుతున్నారు, కొందరు కాకుండా పోతున్నారు.

నేను అమెరికాలో ఒక దక్షిణాది రాష్ట్రంలో, ఒక ఆసుపత్రుల సంస్థలో డేటా ఎనలిస్టుని. డాక్టర్ని కాను. ఇలాంటి ఉద్యోగాల్లో మనవాళ్ళు ఈ దేశంలో ఎంతమంది ఉన్నారో మీకు తెలియనిది కాదు. బ్యాంకు ఖాతాలైనా, కారు బీమాలైనా, రోగుల వివరాలైనా మనకి చివరికి కనిపించేవి టేబుళ్ళూ కాలమ్‌లే. ఇరవై ఏళ్ళు అలాగే పనిచేశాను, నాకేం ఇబ్బంది అనిపించలేదు. ఆ మంగళవారం తర్వాత మాత్రం ఒక ప్రశ్న వదలకుండా పట్టుకుంది. ఒక మనిషి మంచి కోసమే అయినా, ఆ మనిషికి తెలియకుండా ఆ మనిషిని గమనిస్తూ కూర్చునే హక్కు మనకి ఎంతవరకు ఉంది? అలాగని, చూసే వీలుండి కూడా చూడకుండా ఉండే హక్కు ఉందా?

*

మందు సంగతి ముందు చెప్పాలి. దీన్ని ప్రెప్ అంటారు. హెచ్.ఐ.వి. లేనివాళ్ళు, అది రాకుండా ముందు జాగ్రత్తగా వేసుకునే మందు. టెనోఫోవిర్, ఎమ్‌ట్రిసిటబీన్ అనే రెండు మందులు కలిపిన మాత్రని 2012 జులైలో అమెరికా ఎఫ్.డి.ఎ. ఇందుకోసం ఆమోదించింది. అప్పటి బ్రాండు పేరు ట్రువాడా. ఇప్పుడు జెనెరిక్ కూడా దొరుకుతోంది. చెప్పినట్టు వేసుకుంటే లైంగిక సంబంధాల ద్వారా హెచ్.ఐ.వి. వచ్చే ప్రమాదం సుమారు 99 శాతం తగ్గుతుందని ఇక్కడి సి.డి.సి. చెబుతుంది. ఈ దేశంలో కొత్తగా బయటపడే హెచ్.ఐ.వి. కేసుల్లో దాదాపు సగం దక్షిణాది రాష్ట్రాల్లోనే. అంటే నేనుండే చోట ఈ మాత్రకి చాలా పని ఉంది.

చిక్కంతా "చెప్పినట్టు వేసుకుంటే" అన్న ఆ రెండు ముక్కల్లోనే ఉంది. మందు మొదలుపెట్టినవాళ్ళు ఎంతకాలం కొనసాగిస్తున్నారు అన్నది పదేళ్ళుగా పరిశోధకుల్ని వేధిస్తున్న ప్రశ్న. మనుషుల్ని పిలిచి అడగడం ఖర్చుతో కూడిన పని. ఎలక్ట్రానిక్ హెల్త్ రికార్డులో మాత్రం అంతా ముందే ఉంది: డాక్టరు రాసిన తేదీ, ఎన్ని మాత్రలు, ఫార్మసీ ఇచ్చిన రోజు, రక్తపరీక్ష ఫలితం. ఉత్తర కాలిఫోర్నియాలో కైజర్ పర్మనెంటే అనే పెద్ద సంస్థ తన రికార్డులతో ఇలాంటి అధ్యయనమొకటి 2021లో ప్రచురించింది. మందు మొదలుపెట్టినవాళ్ళలో 52 శాతం మంది కనీసం ఒకసారి మానేశారు. అలా మానేసినవాళ్ళలో 60 శాతం మంది మళ్ళీ మొదలుపెట్టారు.

మా మీటింగుల్లో అందరూ మొదటి అంకె దగ్గరే ఆగిపోయేవాళ్ళు. నన్ను ఆలోచనలో పడేసింది రెండోది. మళ్ళీ వచ్చినవాళ్ళు అంతమంది ఉన్నారంటే, మధ్యలో వాళ్ళు "మానేసినవాళ్ళు"గా ఉన్నది ఎవరి దృష్టిలో? వాళ్ళ దృష్టిలోనా, మా కంప్యూటరు దృష్టిలోనా?

*

రికార్డు ఎలా చూస్తుందో కొంచెం చెబుతాను. మందు విషయంలో మూడు పనులుంటాయి: డాక్టరు రాయడం, మనిషి వెళ్ళి తెచ్చుకోవడం, మింగడం. మొదటిది రికార్డుకి కచ్చితంగా తెలుసు. రెండోది ఫార్మసీ కూడా మాదే అయితే తెలుస్తుంది. వేరే చోటైతే ఒక్కోసారి తెలుస్తుంది, ఒక్కోసారి తెలియదు. మూడోది ఎప్పటికీ తెలియదు. మాత్ర చేతిలోంచి నోట్లోకి వెళ్ళే ఆ జానెడు దూరం మనిషి సొంతం.

ఇంకో చిక్కుంది. ఇదే మాత్ర హెచ్.ఐ.వి. ఉన్నవాళ్ళ చికిత్సలోనూ వాడతారు. ప్రమాదం జరిగిపోయాక 28 రోజుల పాటు ఇచ్చే చికిత్సలోనూ వాడతారు. కాబట్టి ఎవరు ఎందుకు వేసుకుంటున్నారో విడదీయాలి. దానికి రోగనిర్ధారణ కోడ్‌లు చూస్తాం. 2023 అక్టోబరు దాకా ప్రెప్‌కంటూ సొంత కోడ్ లేదు. డాక్టర్లు దగ్గరగా ఉన్నదేదో వాడేవాళ్ళు. అందులో ఒకటి జెడ్ 72.52. దాని అర్థం: అధిక ప్రమాదంతో కూడిన స్వలింగ లైంగిక ప్రవర్తన. ఆలోచించండి. ఒక కుర్రాడు ధైర్యం చేసి, సిగ్గు చంపుకుని, నేను జాగ్రత్తగా ఉండాలనుకుంటున్నాను, ఆ మాత్ర రాయండి అని అడిగాడు. జాగ్రత్తపడ్డందుకు అతని రికార్డులో "ప్రమాదకర ప్రవర్తన" అని ముద్ర పడింది. ఇప్పుడు జెడ్ 29.81 అని ప్రెప్‌కి మర్యాదైన కోడ్ వచ్చింది. పాతవి మాత్రం పాత పేజీల్లో అలాగే ఉన్నాయి. నా ప్రోగ్రాము ఆ జనాన్ని వెతికి పట్టుకున్నది కొంతవరకు ఆ ముద్రల సాయంతోనే.

ముద్ర పడనివాళ్ళ సంగతి ఇంకోలా ఉంటుంది. ప్రెప్ ఎవరికి అవసరమో రికార్డుల్లోంచి ముందే కనిపెట్టే నమూనా ఒకటి 2019లో అదే కైజర్ సంస్థ పరిశోధకులు తయారుచేశారు. మంచి పని, ఎంతో శ్రద్ధగా చేసిన పని. తర్వాతి కాలంలో హెచ్.ఐ.వి. వచ్చిన మగవాళ్ళలో దాదాపు సగం మందిని అది ముందుగానే గుర్తించింది. ఆడవాళ్ళలో ఒక్కరిని కూడా గుర్తించలేదు. భర్త ఎక్కడ తిరుగుతున్నాడో భార్య రికార్డులో ఉండదు కదా! రికార్డు కొంతమందిని మరీ ఎక్కువగా చూస్తుంది, కొంతమందిని అసలే చూడదు. రెండూ అన్యాయాలే.

*

ఈ కొనసాగింపుని ఇంగ్లీషులో "పర్సిస్టెన్స్" అంటారు. తెలుగులో చెప్పాలంటే నిలకడ. నిలకడ లేని మనిషి అంటే మనకది తిట్టు. వైద్యంలో పూర్వం "కంప్లయన్స్" అనేవాళ్ళు, చెప్పిన మాట వినడం. అది పెత్తనంలా ఉందని "అడ్హియరెన్స్" అన్నారు, అంటిపెట్టుకుని ఉండడం. మాటలు మెత్తబడుతూ వచ్చాయి గానీ లోపలున్న బడిపంతులు అలాగే ఉన్నాడు. హాజరుపట్టీలో గైర్హాజరైనవాడిదే ఎప్పుడూ తప్పు.

బీపీ మాత్ర అయితే ఆ మాట కొంత చెల్లుతుంది. బీపీ సాధారణంగా దానంతటది పోదు. ప్రెప్ అలాంటిది కాదు. ఇది దోమతెర లాంటిది. దోమలున్నన్నాళ్ళు కట్టుకుంటాం, లేనప్పుడు మడిచి అటక మీద పెడతాం. మే నెలలో తెర కట్టుకోలేదని ఎవరినీ నిలకడ లేనివాళ్ళనం. మనిషి జీవితంలోనూ అలాంటి కాలాలుంటాయి. ఒక బంధం కుదురుతుంది, ఇద్దరూ పరీక్ష చేయించుకుంటారు, మందు అవసరం తీరుతుంది. ఒకరు ఊరు మారి, కొత్త ఊళ్ళో కొత్త డాక్టరు దగ్గర అదే మాత్ర తీసుకుంటుంటారు. మా రికార్డులో ఇద్దరూ మానేసినవాళ్ళే.

రోజూ వేసుకోనక్కర్లేని పద్ధతి కూడా ఉంది. ఫ్రాన్స్, కెనడాల్లో జరిగి 2015లో ప్రచురితమైన ఇపెర్‌గే అధ్యయనం మగవాళ్ళ మీద దాన్ని పరీక్షించింది: కలయికకి ముందు రెండు మాత్రలు, ఇరవైనాలుగు గంటలకి ఒకటి, ఆ మర్నాడు ఇంకొకటి. ప్రమాదం 86 శాతం తగ్గింది. అలా వాడేవాడికి ముప్ఫై మాత్రల సీసా నెలల తరబడి వస్తుంది. అతను లెక్కగా, బుద్ధిగా వాడుతుంటాడు. ముప్ఫై మాత్రలంటే ముప్ఫై రోజులనుకునే నా ప్రోగ్రాము అతన్ని కూడా జాబితాలో వేసింది.

ఇవన్నీ లెక్కల్లో తప్పులు, దిద్దుకోవచ్చు అంటారేమో. కొన్ని దిద్దాను. దిద్దిన కొద్దీ అర్థమైందేమిటంటే, దిద్దడానికి ఆ మనిషి గురించి ఇంకా ఎక్కువ తెలుసుకోవాలి. ఎవరితో ఉంటున్నాడు, బంధం ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు పోయింది, ఏ ఊరు వెళ్ళాడు. నా లెక్క సరిగ్గా ఉండాలంటే అతని జీవితం నాకు పూర్తిగా కనబడాలి. అంత కచ్చితమైన లెక్క నాకెందుకు? అతనికెందుకు?

*

మాది గుంటూరు జిల్లాలో హైవే పక్కనున్న ఊరు. 1990ల చివరి మాట. మా వీధి చివర ఒక లారీ డ్రైవరు కుటుంబం ఉండేది. ఆయన ఒళ్ళు బాగుండక టౌనుకెళ్ళి పరీక్ష చేయించుకున్నాడు. చీటీ మీద ఏం రాసుందో అర్థంకాక మా ఊరి ఆర్.ఎం.పి. దగ్గర చూపించాడు. పొద్దుగూకేసరికి ఆ చీటీలో ఉన్నది ఊరందరికీ తెలిసింది. ఆయన భార్య రెండు గేదెల్ని పెట్టుకుని పాలు పోసేది. మర్నాటి నుంచి ఆమె దగ్గర పాలు పోయించుకోవడం ఒక్కొక్కళ్ళే మానేశారు. మా అమ్మ కూడా మానేసింది. పాల వల్ల రాదని మా అమ్మకి అప్పుడు తెలియదు. తెలిసినా మానేసేదేమో, పక్కింటివాళ్ళు మానేశారు కాబట్టి. ఏడాది తిరక్కుండా వాళ్ళు ఊరొదిలి వెళ్ళిపోయారు. మనిషి అనుమతి లేకుండా అతని హెచ్.ఐ.వి. సంగతి బయటపెట్టకూడదని మన దేశంలో 2017లో చట్టం వచ్చింది. ఆ చీటీ అంతకు ఇరవై ఏళ్ళ ముందే ఊరంతా తిరిగొచ్చేసింది.

చూపు అంటే ఏమిటో తెలిసినవాళ్ళు రికార్డుకి నిజం చెప్పరు. దక్షిణాఫ్రికా, ఉగాండా, జింబాబ్వేల్లో అయిదు వేలమందికి పైగా ఆడవాళ్ళతో జరిగిన వాయిస్ అనే అధ్యయనం ఫలితాలు 2015లో వచ్చాయి. మందు వేసుకుంటున్నామని దాదాపు తొంభై శాతం చెప్పారు. తిరిగి తెచ్చిన మాత్రల లెక్క కూడా ఇంచుమించు అలాగే ఉంది. రక్తం తీసి చూస్తే మూడోవంతు మందిలో కూడా మందు లేదు. వాళ్ళు అబద్ధాలకోరులని కొట్టిపారేయడం తేలిక. తర్వాత వాళ్ళని కూర్చోబెట్టి అడిగినప్పుడు బయటపడిన కారణాల్లో ఒకటి: ఆ మాత్రల డబ్బా ఇంట్లో ఎవరి కంటైనా పడితే, తమకే ఆ జబ్బు ఉందనుకుంటారన్న భయం. మా వీధి చివరింటి ఆవిడ భయం కూడా ఇదే. కాపాడే వస్తువే పట్టిస్తుందంటే, దాన్ని ఎవరు ఇంట్లో పెట్టుకుంటారు?

*

ఇవన్నీ మనసులో పెట్టుకుని, మా ప్రెప్ క్లినిక్ నడిపే నర్సు దగ్గరికెళ్ళాను. నల్లజాతి మనిషి, నాకన్నా పెద్దావిడ, ఈ పనిలో ముప్ఫై ఏళ్ళుగా ఉంది. జాబితా తయారుచేయడం నాకు ఇష్టంలేదని చెప్పాను. మనుషుల్ని వాళ్ళ మానాన వదిలేయాలి కదా అన్నాను. ఆవిడ నా మాట పూర్తయ్యేదాకా విని, "మమ్మల్ని మా మానాన వదిలేయడం ఈ దేశానికి బాగా అలవాటే" అంది.

తర్వాత చెప్పింది. జాబితాలో ఉన్నవాళ్ళలో కొంతమంది అవసరం తీరి మానేసి ఉంటారు, నిజమే. మిగతావాళ్ళ సంగతేంటి? ఉద్యోగం పోయి బీమా పోయినవాడున్నాడు. మూడు నెలలకోసారి రక్తపరీక్ష చేయించుకుంటే తప్ప మళ్ళీ మందు రాయరు, పరీక్షకి రావాలంటే సెలవు దొరకదు, అలా జారిపోయినవాడున్నాడు. ఫార్మసీ కౌంటర్లో మందు పేరు గట్టిగా పిలిచారని మళ్ళీ అటు వెళ్ళనివాడున్నాడు. వీళ్ళు మానలేదు, మానిపించారు. "నువ్వు కళ్ళు మూసుకుంటే నీ మనసు శుభ్రంగా ఉంటుంది. వాడికి హెచ్.ఐ.వి. వస్తుంది" అంది.

నా దగ్గర జవాబు లేదు. టస్కీగీ సంగతి నేనే ఎత్తాను. అలబామాలో 1932 నుంచి 1972 దాకా ప్రభుత్వ ఆరోగ్యశాఖ ఆరువందల మంది నల్లవాళ్ళ మీద నడిపిన అధ్యయనం అది. వాళ్ళలో సుమారు నాలుగువందల మందికి సిఫిలిస్ ఉంది. ఆ సంగతి వాళ్ళకి చెప్పలేదు. 1947 నాటికల్లా పెన్సిలిన్ అందరికీ తెలిసిన మందైనా వాళ్ళకివ్వలేదు. చూపు అంటే భయం పుట్టడానికి ఇంతకన్నా ఏం కావాలి అన్నాను.

"బాగా ఆలోచించు" అంది ఆవిడ. "అక్కడ తప్పు చూడడమా? చూసి ఊరుకోవడమా?"

ఆ రాత్రి ఇంటికొచ్చాక కూడా ఆ మాటే తిరుగుతూ ఉంది. టస్కీగీలో రికార్డులు లేకపోవడమన్నది లేదు. నలభై ఏళ్ళ పాటు పరీక్షలు చేశారు, రాసుకున్నారు, చచ్చిపోయాక శవాల్ని కోసి అదీ రాసుకున్నారు. నిలకడ అంటే అది! లేనిదల్లా, రాసుకున్నవాడి మీద ఏ బాధ్యతా లేకపోవడం. చూసేవాడు చూస్తాడు, భారమంతా కనబడినవాడే మోస్తాడు. అప్పుడు నాకొక కొలత దొరికినట్టనిపించింది. ఒక చూపు న్యాయమైనదా కాదా అని తేల్చడానికి, అది ఎంత లోతుగా చూస్తుంది అన్నది ఒక్కటే చాలదు. చూశాక ఎవరు జవాబుదారీ అవుతున్నారు అని కూడా అడగాలి. ఆ జాబితా వాళ్ళని నిలదీస్తోందా, మమ్మల్ని నిలదీస్తోందా?

*

కొలత దొరికిందనుకున్నాక రెండు సంగతులు జరిగాయి.

మొదటిది. ప్రోగ్రాము సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడ్డానికి, జాబితాలోంచి కొన్ని పేర్లు తీసి, వాళ్ళ పూర్తి రికార్డు తెరిచి చదవాలి. అప్పటిదాకా నాకు అంకెలుగానే కనిపించినవాళ్ళు అప్పుడు పేర్లతో వస్తారు. ఆ పేర్లలో ఒకటి నాకు తెలిసిన మనిషిది. ఆడో మగో, ఏ భాషవారో, ఎక్కడ పరిచయమో చెప్పను. ఈ వ్యాసం కోసమైనా సరే. కర్సరు ఆ పేరు మీదే ఉంది. నొక్కితే చాలు. నాకు అనుమతి ఉంది, పని కూడా అదే, ఎవరూ తప్పుపట్టరు. పైగా నాలో ఒక గొంతు, చదివితే నువ్వేమైనా సాయం చేయగలవేమో అంటోంది. ఆ గొంతు గురించి తర్వాత చాలా ఆలోచించాను. అది దయ గొంతులా మాట్లాడింది గానీ, అందులో సగం కుతూహలమే. మా ఊరి ఆర్.ఎం.పి. కూడా ఆ రోజు అయ్యో పాపం అనుకునే చెప్పి ఉంటాడు.

తెరవలేదు. ఈ మనిషి నాకు తెలుసు, ఇంకెవరికైనా ఇవ్వండి అని పై అధికారికి రాశాను. అయినా ఒకటుంది. ఆ పేరు జాబితాలో ఉందన్న సంగతి నాకు తెలిసిపోయింది. దాన్ని తెలియకుండా చేసుకోలేను. ఆ మనిషి ఎదురైనప్పుడు నా నవ్వులో ఏమైనా తేడా వస్తుందా అని నన్ను నేనే గమనించుకుంటూ ఉంటాను. చూసినందుకు నేను మోయాల్సిన బరువు అది, అంతే.

రెండోది ఇంట్లో జరిగింది. మా అమ్మాయికి ఇరవైమూడేళ్ళు, వేరే ఊళ్ళో ఉద్యోగం. ఇక్కడ పిల్లలు ఇరవైయారేళ్ళు నిండేదాకా తల్లిదండ్రుల బీమాలోనే ఉండొచ్చు. తను కూడా నా బీమాలోనే ఉంది. పిల్లలు ఏ డాక్టరు దగ్గరికెళ్ళినా, ఎక్కడికెళ్ళారో, ఏం చేశారో, బీమా ఎంత కట్టిందో వివరంగా ఒక కాగితం బీమాదారు పేరు మీద ఇంటికొస్తుంది. ఒక శనివారం అలాంటి కవరొకటి వస్తే విప్పి చదివాను. చర్మం డాక్టరు. ఆ సాయంత్రం ఫోన్లో, "ఏంటమ్మా, స్కిన్ డాక్టర్ దగ్గరికెళ్ళావట, ఏమైంది?" అని అడిగాను. అవతల కాసేపు మాట లేదు. "నాన్నా, అది నా సంగతి. నేను చెప్పాలనుకుంటే చెప్పేదాన్ని కదా" అంది.

"నీ మంచి కోసమే కదమ్మా" అనబోయి ఆగాను. పగలంతా నేను అనుమానంగా చూస్తున్న మాటే అది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చర్మం డాక్టరు కాబట్టి సరిపోయింది. అదే ఒక కుర్రాడు, ఇరవైరెండేళ్ళు, మన ఇళ్ళలాంటి ఇల్లే, నాన్న బీమా. ప్రెప్ తీసుకుంటున్నాడు. మూడు నెలలకోసారి హెచ్.ఐ.వి. పరీక్ష చేయించుకున్న కాగితం నాన్న పేరు మీద ఇంటికొస్తుంది. వాడేం చేస్తాడు? మానేస్తాడు. మానేసిన సంగతి నా ప్రోగ్రాము తొంభైయొకటో రోజున పట్టుకుంటుంది. అంటే, వాడి ఖాళీని నమోదు చేస్తున్న రికార్డే ఆ ఖాళీకి కారణం. ఆ కవరు విప్పిన నాన్నని నేనే. కాలిఫోర్నియాలో 2022 నుంచి ఇలాంటి సున్నితమైన సేవల కాగితాలు బీమాదారుకి పంపకూడదన్న చట్టం ఉంది. మేముండే చోట అలాంటిది లేదు. వేరే చిరునామాకి పంపమని రాతపూర్వకంగా అడిగే వీలుందని, ఇరవైరెండేళ్ళ కుర్రాళ్ళలో ఎంతమందికి తెలుస్తుంది?

*

ఆ తర్వాత మా నర్సూ నేనూ కూర్చుని జాబితాని మార్చాం. పెద్ద మార్పులేం కావు. "మానేశారు" అన్న కాలమ్ పేరు తీసేసి "మా దగ్గర సమాచారం లేదు" అని పెట్టాం. ఆ పేరుతో రిపోర్టు చూస్తే తప్పు ఎవరిదన్న ధ్వని మారిపోతుంది. మనిషికి ఫోన్ చేసేముందు, మా వైపు ఏం జరిగిందో చూసే కాలమ్‌లు పెట్టాం: బీమా ఆగిపోయిందా, రీఫిల్ అడిగితే మేమే తిప్పి పంపామా, అపాయింట్‌మెంటు దొరక్క వెనక్కి వెళ్ళాడా. వీటిలో ఏదున్నా ముందు దిద్దుకోవాల్సింది మేము. మందు మొదలుపెట్టిన రోజే ప్రతి ఒక్కరినీ అడుగుతాం: మీరు రాకపోతే మేం పలకరించవచ్చా? ఎలా పలకరించాలి? వాయిస్ మెయిల్ పెట్టవచ్చా? కాగితాలు ఏ ఇంటికి వెళ్తాయో తెలుసా? "పలకరించొద్దు" అంటే పలకరించం. మానేసినవాడు కారణం చెప్పనక్కర్లేదు. మళ్ళీ వస్తే, ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయావు అని అడగం.

దీనికి ఖరీదు లేదనుకోకండి. పలకరించొద్దని చెప్పిన ఒకరికి తర్వాత పరీక్షలో హెచ్.ఐ.వి. బయటపడింది. పేరు చెప్పకుండా నర్సు నాకు ఆ సంగతి చెప్పింది. ఫోన్ చేసి ఉంటే రాకపోయేదా? ఎవరూ చెప్పలేరు. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ కాలమ్ తీసేద్దామా అని అడిగాను. వద్దంది. అది తీసేస్తే మిగతావాళ్ళు మొదటిరోజే రారు అంది. ఆవిడ చెప్పింది సరైనదని నా బుద్ధి ఒప్పుకుంటుంది. మనసు ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోలేదు.

ఇప్పుడు మాత్రలు పోయి సూదులొస్తున్నాయి. రెండు నెలలకోసారి వేసేది 2021 చివర్లో వచ్చింది. లెనకపవిర్ అని ఆర్నెల్లకోసారి వేసేదాన్ని 2025 జూన్‌లో ఇక్కడ ఆమోదించారు. అంతకు ముందే, 2024లో, దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో ఆ సూది వేయించుకున్న రెండు వేల నూటముప్ఫై పైచిలుకు ఆడవాళ్ళలో ఒక్కరికి కూడా హెచ్.ఐ.వి. రాలేదని తేలింది. వాయిస్ అధ్యయనంలో డబ్బా దాచుకోలేక ఓడిపోయినవాళ్ళ లాంటివాళ్ళే వీళ్ళు. దాచుకోవాల్సిన డబ్బా లేకుండా చేస్తే గెలిచారు. పేద దేశాల కోసం దాని జెనెరిక్ తయారుచేసే అనుమతి పొందిన కంపెనీల్లో హైదరాబాదువి రెండున్నాయి, హెటెరో, డాక్టర్ రెడ్డీస్. మా ఊరి ఆ ఇంటిని తలుచుకున్నప్పుడు ఇది నాకు చాలా సంతోషంగా ఉంటుంది.

అదే సమయంలో, రికార్డు రాసేవాడిగా ఒకటి గమనించాను. సూది మా చేతుల మీదుగానే పడుతుంది. తేదీ, టైము, ఏ చేతి నర్సు వేసిందీ, అంతా నమోదవుతుంది. చేతికీ నోటికీ మధ్య మనిషికి మిగిలిన ఆ జానెడు దూరం ఇప్పుడు లేదు. నా లెక్కలిక తప్పవు. అందుకని మా జవాబుదారీ తగ్గుతుందా, పెరుగుతుందా? పెరుగుతుందనే నా నమ్మకం. అంతా కనబడుతున్నప్పుడు, తెలియలేదు అని చెప్పుకునే వీలు మాకే ఉండదు.

మా అమ్మాయి కవర్లు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. వేరే చిరునామాకి మార్పించుకోమని ఫారం పంపించాను, తీరిక లేక ఇంకా నింపలేదట. వచ్చినవాటిని విప్పకుండా ఒక డ్రాయరులో పెడుతున్నాను. పండక్కి వచ్చినప్పుడు తీసుకెళ్తుంది. మొన్న డ్రాయరు తెరిస్తే నాలుగున్నాయి. అన్నీ ఒకే డాక్టరువా, వేరే వేరేవా అని కవరు మీద చూడబోయి, డ్రాయరు మూసేశాను.